ఊరి భోజనశాల

గండికోట లోయ అంచున నిలబడి పెన్నానదిని చూసినవారికి మొదట కలిగేది ఆశ్చర్యం. కొంతసేపటికి కలిగేది ఆకలి. ఎర్రమల కొండలను నిలువునా కోసుకొంటూ పారే పెన్న, దాని ఒడ్డున ఎర్రని రాతిగోడల కోట, కోటలోపల మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, రంగనాథాలయం – ఇవన్నీ తిరిగి చూడడానికి మూడు నాలుగు గంటలైనా పడుతుంది. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంది. కోటవద్ద పర్యాటక సంస్థవారి హరిత హోటలు ఉన్నది. అయినా సీమ రుచి తెలుసుకోవాలనుకొనేవారు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు వైపు దారిపడతారు.

ఇటువంటప్పుడు ఊరివారికి ఎదురయ్యే చిక్కు పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. విజయవాడ నుంచి భార్యాభర్తలిద్దరు గండికోట చూడడానికి వచ్చారనుకొందాం. భర్తతోపాటు చదువుకొన్న మిత్రుడు జమ్మలమడుగులో ఉపాధ్యాయుడు. ఆ రోజు ఇంట్లో వంటకు వీలు లేదు. “అన్నయ్యా, మాకోసం పెద్ద ఏర్పాట్లేమీ వద్దు. మీరు ఎప్పుడూ తినే చోటికే తీసుకువెళ్లండి, చాలు” అంటుంది మిత్రుని భార్య. మాట తేలికైనదే. కాని ఉపాధ్యాయుడు తడబడతాడు. తాను తినే చోట బల్లలు పాతవి. గోడల రంగు వెలిసిపోయింది. వంటగదిలోని పొగ ఒక్కొక్కసారి తినేవారి దాకా వస్తుంది. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ప్రొద్దుటూరుకు తీసుకువెళితే చల్లని గదిలో, మెత్తని కుర్చీలలో కూర్చోబెట్టవచ్చు. అయితే అటువంటి గదులలో వడ్డించే పన్నీరు కూర, వేపుడు అన్నం విజయవాడలో వీధికొకచోట దొరుకుతాయి. అంత దూరం వచ్చి, మళ్లీ ఇంటిదగ్గరి తిండే తిని వెళ్లినట్లవుతుంది.

ఈ తడబాటు వెనుక రెండు సంగతులున్నాయి. ఒకటి అతిథి మర్యాద. రెండవది, తన ఊరి తిండి నలుగురిలో పెట్టదగినది కాదేమోనన్న బెరుకు. రెండవదాన్ని గురించి రాయలసీమవారు బయటికి అంతగా మాట్లాడరు. కాని నిజానికి ఉపాధ్యాయుణ్ణి ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది అదే.

పరాయి ఊరికి వెళ్లినవారు ఎక్కడ తినాలన్నది తెలుగు సాహిత్యంలో పాత ప్రశ్నే. ‘క్రీడాభిరామము’ అనే వీథి రూపకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో ఒక దినమంతా తిరుగుతారు. వీధులు, సంతలు, వినోదాలు చూస్తారు. ఆకలి వేళకు పూటకూళ్ల ఇంటి ప్రస్తావన వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు లభించే భోజనాన్ని కవి ఎంతో ఇష్టంగా వర్ణించాడు. కప్పురభోగి అనే మేలిరకం బియ్యంతో వండిన అన్నం, గోధుమపిండివంట, పంచదార, కమ్మని నెయ్యి, పప్పు, అరటిపండ్లు, కూరలు, పెరుగు – ఇంతా ఒక రూకకే. ఎక్కడ దొరుకుతుంది, ఏమేమి వడ్డిస్తారు, వెల ఎంత అనే మూడు సంగతులూ చెప్పాడు. నేడు హోటలు గురించి అడిగేవారు తెలుసుకోగోరేవీ ఇవే.

ఈ కావ్యకర్తగా ప్రసిద్ధుడైన వినుకొండ వల్లభరాయుడు మోపూరు భైరవుని భక్తుడు. ఆ మోపూరు పులివెందుల ప్రాంతంలోనే ఉన్నది. ఇది శ్రీనాథుని రచన అని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాదించారు. కర్తృత్వం సంగతి ఎలా ఉన్నా, ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి విందును తెలుగువారికి తెలియజేసిన కావ్యానికి కడప సీమతో ముడి ఉండడం గమనింపదగినది.

‘కూడు’ అంటే అన్నం. పూటకు ఇంత అని రొక్కం పుచ్చుకొని కూడు పెట్టే ఇల్లు పూటకూళ్ల ఇల్లు. ఒకప్పుడు ఈ వృత్తి చేపట్టినవారిలో భర్తను పోగొట్టుకొన్న స్త్రీలు ఎందరో ఉండేవారు. చదువు లేదు, ఆస్తిలో హక్కు లేదు, మరో ఉపాధి లేదు. తెలిసిన విద్య వంట ఒక్కటే. బాటసారులు, కచేరీ పనులమీద వచ్చినవారు, పట్నంలో చదువుకొనే పిల్లలు వారి చేతి అన్నం తిన్నారు. తిన్న లోకమే వారిని తేలికగా మాట్లాడింది. గురజాడ ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్లమ్మ ప్రేక్షకులను నవ్విస్తుంది. కాని ఆమె సొమ్ము వాడుకొని తప్పించుకు తిరిగినవాడు గిరీశం. ఆమె కోపం న్యాయమైనదే.

పూటకూళ్ల ఇల్లు లేనిచోట బాటసారికి సత్రమే గతి. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్లాడు. వెంట తల్లి, భార్య, పెద్ద పరివారం. ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆయన మజిలీ మజిలీకీ గుళ్లతోపాటు సత్రాల సంగతి, నీళ్ల సంగతి, సామాను దొరికే అంగళ్ల సంగతి రాసుకొన్నాడు. నేటి పాఠకునికి ఆ వివరాలు విసుగు పుట్టించవచ్చు. నాడు ఆ దారిన వెళ్లేవారికి మాత్రం అవి ప్రాణాధారం. మంచినీళ్లు లేని ఊరిలో మజిలీ చేస్తే మరునాడు బండి కదలదు.

అన్నం అమ్ముకోవడం తగదనే భావన తెలుగునాట చాలాకాలం నిలిచింది. కోనసీమలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారికి వండి వడ్డించి పేరుపొందింది. కడప జిల్లాలో కాశినాయన పేరు అటువంటిది. 1995లో పరమపదించిన ఆ అవధూత పేరున సీమ అంతటా ఆశ్రమాలున్నాయి. వాటిలో కులమేది, ఊరేది అని అడగకుండా అన్నం పెడతారు. ఈ సంప్రదాయం గొప్పదే. అయితే గౌరవంగా వెల చెల్లించి, తనకు నచ్చినది అడిగి తినే హక్కు వేరొకటి ఉన్నది. హోటలు తెచ్చినది ఆ హక్కును.

‘రెస్టారెంటు’ అన్న ఫ్రెంచి మాటకు మొదటి అర్థం బలం కలిగించేది అని. 18వ శతాబ్దంలో పారిస్ నగరంలో మాంసం ఉడికించిన చారును ఆ పేరుతో అమ్మేవారు. తరువాత అమ్మే చోటికే ఆ పేరు వచ్చింది. అంతకుముందు యూరపులోని సత్రాలలో ఒకే పెద్ద బల్ల, ఒకే వేళ, అందరికీ ఒకే వంట. కొత్త భోజనశాలలో వేరువేరు బల్లలు, వేళతో పట్టింపు లేకపోవడం, వెలలు రాసిన పట్టిక వచ్చాయి. తినేవాడు తానే ఎంచుకోగలిగాడు. దక్షిణ భారతంలో ఈ మార్పు 20వ శతాబ్దంలో ఎక్కువగా ఉడుపి హోటళ్ల రూపంలో వ్యాపించింది. ఇడ్లీ, దోసె, కాఫీ ఇంటి వాకిలి దాటి వీధిలోకి వచ్చాయి.

వీధిలోకి వచ్చినా అందరికీ అందలేదు. ఒకప్పుడు చాలా హోటళ్లలో కొన్ని కులాలవారికి వేరే గది ఉండేది. మరికొన్ని కులాలవారికి లోపలికి ప్రవేశమే లేదు. బయట నిలబడి, విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగి, ఆ గ్లాసు తామే కడిగి పెట్టవలసి వచ్చేది. డబ్బు ఇచ్చినా మర్యాద దొరకని చోటు అది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలను, భోజనశాలలను, హోటళ్లను పేర్కొని, మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని శాసించింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అది 1976లో మరింత కఠినమై పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. దేశపు మూలశాసనంలో హోటలు గురించి రాయవలసి రావడాన్ని బట్టి, బల్లముందు కూర్చొని అన్నం తినడం ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు. చట్టం వచ్చిన తరువాత కూడా రెండు గ్లాసుల పద్ధతి పల్లెల్లో దశాబ్దాలపాటు సాగింది. ఒక ఊరిలో మంచి హోటలు ఏదని అడిగేవారు దాని గుమ్మం ఎవరెవరికి తెరిచి ఉన్నదో కూడా చూడడం మంచిది.

స్త్రీల సంగతి మరొకటి. చిన్న పట్టణాలలో ఆడవారు హోటలుకు వెళ్లడం ఒకప్పుడు అరుదు. వెళ్లినా గళ్ల తెర వేసిన ‘ఫ్యామిలీ రూమ్’లో కూర్చోవలసిందే. గాలి ఆడని ఆ గదిని మర్యాద అనుకొన్నారు. నేడు ఆ తెరలు చాలావరకు పోయాయి. అయినా జంటగా వచ్చిన అతిథులకు చోటు వెదికేటప్పుడు పురుషులు మరచిపోయే విషయం ఒకటి ఉన్నది. అది శుభ్రమైన మరుగుదొడ్డి. ఉదయం నుంచి కోటలో తిరిగివచ్చిన స్త్రీకి పట్టికలోని వంటకాల సంఖ్యకన్న అదే ముఖ్యం. దీనిని అడగడానికి ఆమె మొగమాట పడుతుంది. ముందే కనుక్కొని ఉంచడం ఆతిథ్యమిచ్చేవారి పని.

ఇక తిండి సంగతి. కడప సీమలో వాన తక్కువ. చెరువుల కింద, కాలువల కింద తప్ప వరి పండదు. మెట్టభూములలో కొర్ర, జొన్న, సజ్జ, రాగి పండించారు. తరువాత కాలంలో వేరుశనగ ఎక్కువైంది. 1876–78 నాటి ధాత కరువు వంటివి ఈ సీమను పీల్చి పిప్పి చేశాయి. వరి అన్నం పండుగనాటి తిండి. సంగటి రోజువారీ తిండి. బియ్యం అందరికీ అందేరోజులు వచ్చేసరికి సంగటి పేదవాని తిండి అనే ముద్ర పడింది. చుట్టాలు వస్తే సంగటి గిన్నెను లోపల దాచి, తెల్లని అన్నం వడ్డించిన ఇళ్లెన్నో. కాలం తిరగబడింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. నగరాలలోని పెద్ద హోటళ్లు రాగి సంగటిని, నాటుకోడి పులుసును ప్రత్యేక వంటకాలుగా పట్టికలో ముందు రాస్తున్నాయి. ఒక తరం వెనుక దాచిపెట్టిన గిన్నెను నేడు అతిథులే అడిగి తెప్పించుకొంటున్నారు. ఉపాధ్యాయుని బెరుకుకు మూలం ఆ పాత అలవాటే.

సంగటి చేయడం సులభమని చూసేవారు అనుకొంటారు. బియ్యపు నూకలను మెత్తగా ఉడికించి, పైన రాగిపిండిని కుప్పగా పోసి, మధ్య ఒక గుంట చేసి, సన్నని సెగమీద మగ్గనిస్తారు. పిండి ఆవిరికి ఉడికిన తరువాత కట్టెతో గట్టిగా కెలకాలి. ఇక్కడే చెయ్యి తిరిగినతనం తెలుస్తుంది. తొందరపడితే ఉండలు కడుతుంది. ఆలస్యమైతే అడుగంటుతుంది. తడిచేతితో ముద్ద చేసి, మధ్య గుంటలో నెయ్యి వేసి వడ్డిస్తారు. వేడి చల్లారితే ముద్ద బిగుసుకుపోతుంది. కాబట్టి సంగటి ఉదయం చేసి మధ్యాహ్నం పెట్టే వంట కాదు. పంక్తి పంక్తికీ కొత్తగా చేసే చోటే దానికి రుచి. ఇది హోటలును ఎంచుకోవడానికి ఒక మంచి గుర్తు కూడా.

దీనికి తోడు నాటుకోడి పులుసో, పొట్టేలి మాంసమో ఉండవచ్చు. శాకాహారులకు గోంగూర, గుత్తి వంకాయ, చెనక్కాయల ఊరుబిండి ఉన్నాయి. వేయించిన చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి కలిపి నూరిన ఊరుబిండితో సంగటి తిన్నవారు మరో కూర అడగరు. కారం మాత్రం దండిగా ఉంటుంది. పక్కన మజ్జిగ గ్లాసు పెట్టించుకోవడం మేలు.

మధ్యాహ్నం కాక ఉదయమే వచ్చిన అతిథులకైతే దారి వేరు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా ఉదయపు వేళ పెనాలమీద చిటపటలాడేది కారం దోసె. దళసరి దోసెమీద ఎండుమిరప, ఎర్రగడ్డ, వెల్లుల్లి నూరిన ఎర్రకారాన్ని పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు. తెలియనివారు మొదటి ముక్కకే నీళ్లకోసం చూస్తారు. తెలిసినవారు చట్నీ నంజుకొంటూ నెమ్మదిగా తింటారు. ఉగ్గాని మరొకటి. బొరుగులను నీటిలో తడిపి, పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపుతో తాలింపు పెట్టి, పప్పుల పొడి కలుపుతారు. తోడు మిరపకాయ బజ్జీ. ఈ రెండింటినీ బల్ల మీదకన్న బండి పక్కన నిలబడి తింటేనే రుచి ఎక్కువని సీమవారి నమ్మకం. ఎండాకాలమైతే నన్నారి షర్బత్తు తప్పదు. 40 డిగ్రీలు దాటిన ఎండలో ఆ సుగంధిపాల వేరు వాసన, మంచు, నిమ్మరసం కలిసిన గ్లాసు చేసే మేలు ఇంతా అంతా కాదు.

మంచి చోటు తెలుసుకొనేదెలా? 1900లో ఫ్రాన్సుదేశంలో మిషెలిన్ అనే టైర్ల సంస్థ కార్లవారికోసం ఒక చిన్న పుస్తకం వేసింది. బండి ఎక్కడ బాగుచేయించుకోవాలి, ఎక్కడ బస చేయాలి, ఎక్కడ తినాలి అన్నవి అందులో ఉండేవి. 1926 నుంచి ఆ పుస్తకం మంచి భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వసాగింది. జనం ఎక్కువ దూరం తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయని ఆ వ్యాపారుల లెక్క కావచ్చు. తెలుగునాట అటువంటి పుస్తకం లేదు గాని, లారీలు వరుసగా ఆగిన చోట భోజనం బాగుంటుందనే మాట ఉన్నది. అది చాలావరకు నిజమే. దారి పొడవునా రోజూ తినేవారు ఒకసారి మోసపోతే రెండవసారి ఆగరు.

ఊరిలోనైతే ఎవరిని అడుగుతామన్నది ముఖ్యం. “ఇక్కడ మంచి హోటలు ఏది?” అంటే ఎవరైనా అద్దాల తలుపులున్న చోటే చూపుతారు. పరాయివారికి ఘనమైనది చూపాలని ప్రతి ఊరివారికీ ఉంటుంది. “మీరు రోజూ ఎక్కడ తింటారు?” అని అడిగితే వేరే జవాబు వస్తుంది. ఆ జవాబు నమ్మదగినది. బదిలీమీద ఒంటరిగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి, ఆసుపత్రిలో రోగికి తోడున్న బంధువు, బస్టాండు ఎదుట అంగడి పెట్టుకొన్నవాడు – వీరికి నోటిరుచితోపాటు జేబు పట్టింపు కూడా ఉంటుంది. జమ్మలమడుగుకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉన్నది. మిషనరీల కాలంలో వెలసిన క్యాంబెల్ ఆసుపత్రి కారణంగా దూరపు పల్లెలవారు ఈ ఊరికి వచ్చి రోజులతరబడి ఉండడం తరతరాలుగా ఉన్నదే. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం ప్రారంభమై రైలు కూడా వచ్చింది. ఇల్లు విడిచి ఉండేవారికి ఇంటి అన్నం వంటి అన్నం పెట్టే మెస్సులు ఇటువంటి ఊళ్లలోనే నిలుస్తాయి.

చోటు తెలిసిన తరువాత కన్ను పని చేయాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా బల్లలు ఖాళీగా ఉన్న హోటలులో కూర నిన్నటిది కావచ్చు. పట్టికలో నూరు పేర్లున్న చోటకన్న నల్లబల్లమీద సుద్దతో నాలుగు పేర్లు రాసిన చోటు నయం. నాలుగే వండితే నాలుగూ వేడిగా ఉంటాయి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య గోడమీద కనిపించాలి. అది ఉన్నదా లేదా అని చూడడం తప్పు కాదు. కాని నూనె నల్లబడిందా, గిన్నెలు పారే నీటిలో కడుగుతున్నారా, వడ్డించేవాడి గోళ్లు ఎలా ఉన్నాయి అన్నవి ఏ కాగితంమీదా రాసి ఉండవు. చెయ్యి కడుక్కొనే నెపంతో వంటింటి వైపు ఒకసారి వెళ్లివస్తే సగం సంగతులు తెలిసిపోతాయి.

అందం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. గోడనిండా ప్లాస్టిక్ పూలు, రంగురంగుల దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు ఉంటే ఆహ్లాదమని కొందరు యజమానులు అనుకొంటారు. అవి చూసి అతిథి మురిసిపోడు. వేపచెట్టు నీడలో నాలుగు బల్లలు, కడుపునిండా తిన్నాక కాసేపు కూర్చోనిచ్చే యజమాని, ఎదుటివారి మాట వినబడేంత నిశ్శబ్దం – ఇవి ఎక్కువ కాలం గుర్తుంటాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాలకు మరొక అందం ఉన్నది. నాపరాయి, నల్లని కడప బండ ఇక్కడి భూమిలోనే దొరుకుతాయి. దక్షిణదేశంలోని ఎన్నో హోటళ్ల బల్లలకు, వంటగట్లకు పరిచిన ‘కడప రాయి’ ఇదే. తరతరాల చేతులు తుడిచి తుడిచి నున్నబరచిన నల్లబండమీద అరిటాకు వేస్తే వేరే అలంకారం అక్కరలేదు.

1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చాడు. అప్పటికి కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉన్నది. ముత్యాలు, రత్నాలు చూపడానికి వచ్చిన ఆ విదేశీయుడు తన యాత్రాగ్రంథంలో కోటనూ లోయనూ వర్ణించాడు. పరదేశి ఒక ఊరిని చూసి ఏమి మోసుకుపోతాడో ఊరివారికి ఎప్పుడూ తెలియదు. మూడున్నర శతాబ్దాలు దాటిన తరువాత కూడా ఆ వాక్యాలను చదివేవారున్నారు.

మళ్లీ విజయవాడ దంపతుల దగ్గరికి వద్దాం. ఉపాధ్యాయునికి మరొక చిక్కు కూడా ఉన్నది. మిత్రుడు మాంసం తింటాడు. అతని భార్య తినదు. పొట్టేలి కూరకు పేరున్న మిలిటరీ హోటలులో ఆమెకు పెరుగన్నం తప్ప మరేదీ దొరకదు. శాకాహార హోటలులో అతనికి నాటుకోడి దొరకదు. ఇద్దరికీ సరిపడే చోటును వెదకడమే ఆతిథ్యంలో కష్టమైన భాగం. ఒకరిని సంతోషపెట్టి రెండవవారిని సర్దుకొమ్మనడం తేలిక. ఎక్కువసార్లు సర్దుకొనేది భార్యే. ఆయన ఆలోచించి, బ్యాంకులో పనిచేసే పరిచయస్థునికి ఫోను చేస్తాడు. అతడు చెప్పిన మెస్సు ఒక ఇంటి ముందరి వసారా. భార్యాభర్తలు నడుపుతున్నారు. రెండు పొయ్యిలు వేరువేరు. కూరలు తీసే గరిటెలు వేరు. ముందుగా చెబితే కారం తగ్గించి చేస్తారు. వెనుక శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నది. బోర్డు మాత్రం రంగు వెలిసి ఉన్నది.

ఉపాధ్యాయుడు గంట ముందే ఫోనులో చెప్పి ఉంచాడు. ముగ్గురూ వెళ్లేసరికి రెండు గంటలైంది. నల్లబండమీద ఆకులు వేశారు. సంగటి అప్పుడే దించారు. విజయవాడ ఇల్లాలు ముద్దను చూసి, చిన్న తునక తుంచి నోట పెట్టుకొని నమలసాగింది. వడ్డిస్తున్న ఆమె నవ్వింది.

“నమలగూడదు మా, పులుసులో అద్దుకొని మింగల్ల.”

“మింగితే రుచి ఎలా తెలుస్తుంది అక్కా?”

“మింగినాకే తెలుస్తాది. కారం ఎక్కువయితే చెప్పు, నెయ్యి ఏస్తా.”

రెండవ తునక ఊరుబిండిలో ముంచి మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మజ్జిగ తాగింది. మళ్లీ ముద్ద వైపు చెయ్యి చాపింది. పక్కన మిత్రుడు నాటుకోడి పులుసుతో రెండవ ముద్ద ముగిస్తున్నాడు. ఉపాధ్యాయుడు మాత్రం తన ఆకువైపు చూడకుండా వారి ముఖాలే చూస్తున్నాడు.

“ఏం సార్, మీరు తినరా? సల్లారిపోతాంది” అన్నాడు యజమాని, మూడవ ముద్ద తెచ్చి నిలబడి.